షరాబు ముద్ర – కొనుగోలుదారుని సాక్ష్యం

పూర్వం మన దేశపు అంగళ్లలో వెండి రూపాయి చేతులు మారేటప్పుడు నడుమ ఒక మనిషి ఉండేవాడు. ఆయనే షరాబు. ‘సర్రాఫ్’ అనే అరబ్బీ మాట ఉర్దూలోనికి వచ్చి, తెలుగువారి నోట ‘షరాబు’ అయినది. నాణేన్ని తెచ్చినవానిని అతడు ఎరుగకపోవచ్చు. రేపు దానిని పుచ్చుకొనబోయేవానిని అసలే ఎరుగడు. అయినా రూపాయిని రాతిపై మోగించి, త్రాసులో తూచి, మంచిదని తేలితే దానిపై చిన్న ముద్ర ఒకటి కొట్టేవాడు. ఒక చుక్క, ఒక పువ్వు, ఒక సన్నని గీత. అంతే. ఆ గుర్తు నాణెంతోపాటు ఊరూరు తిరిగేది. షరాబు ముఖమైనా చూడనివాడు ఆ గుర్తును చూచి రూపాయిని నమ్మేవాడు.

నేడు ఆ షరాబు లేడు. మనం చూడని విక్రేత, మనం చూడని ఊరి నుండి, మనం చేతితో తాకని వస్తువును ఫోను తెరపై చూపి అమ్ముతున్నాడు. అటువంటి చోట ముందుగా కొన్నవారు వ్రాసి ఉంచిన నాలుగు మాటలే మనకు షరాబు ముద్ర. వాటినే మనం రివ్యూ అనీ, అభిప్రాయమనీ పిలుస్తున్నాము. పాత నాణేలు, తపాలా బిళ్లలు మొదలైన సేకరణ వస్తువులను ఆన్‌లైన్‌లో కొని నిరాశ చెందినప్పుడు ఆ నాలుగు మాటలు ఎట్లా వ్రాయాలి, ఎందుకు వ్రాయాలి అన్న విషయాన్ని విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశ్యం. ఈ విషయంలో మేము పండితులమని కాదు. మొదట తప్పుగా వ్రాసి, ఆ తప్పు ఫలితాన్ని మా విద్యార్థి ఒకడు అనుభవించగా చూచి, తరువాత నేర్చుకొన్నవారము.

మన నేల – మన నాణేలు

నాణేల మాట గద్వాల విద్యార్థులకు పరాయిది కారాదు. నిజాం రాజ్యంలోని సంస్థానాలలో గద్వాల, వనపర్తి పేరు పొందినవి. ఈ రెండు సంస్థానాల పేరిటా, పొరుగున ఉన్న నారాయణపేట పేరిటా రూపాయలు ముద్రింపబడినవి. వనపర్తి వారి రూపాయికి, ఆ సంస్థానపు పాత పేరును బట్టి ‘సుగూరు సిక్కా’ అని వ్యవహారం. సాలార్‌జంగ్ ప్రధానిగా ఉన్న కాలంలో (1853–1883) ఈ చిల్లర టంకసాలల పద్ధతి పోయి, హైదరాబాదులో ముద్రించిన ‘హాలీ సిక్కా’ రాజ్యమంతటా నిలిచినది. 1903లో సైఫాబాదులో క్రొత్త యంత్రాలతో టంకసాల నెలకొన్నది. చార్మినార్ బొమ్మగల అందమైన రూపాయి ఆ యంత్ర యుగపు నాణెం.

ఈ చార్మినార్ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు. అందులో వెండి నూటికి 81.8 వంతులు. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానంగా చెల్లేవి. నాణెంపై నిజాముల్‌ముల్క్ ఆసఫ్‌జా బహదూర్ అన్న బిరుదమూ, 92 అన్న సంఖ్యా ఉంటాయి. అబ్జద్ లెక్కలో ‘ముహమ్మద్’ అన్న నామంలోని అక్షరాల మొత్తమే ఆ 92. చార్మినార్ ద్వారం నడుమ ఒక చిన్న అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీఖాన్ కాలపు నాణెమైతే అది ‘మీమ్’. 1911లో, అనగా హిజ్రీ 1329లో, గద్దె నెక్కిన ఉస్మాన్ అలీఖాన్ కాలపుదైతే ‘ఐన్’. ఈ చిన్న అక్షరమే తరువాత మా కథలో పెద్ద సాక్షి అయినది.

1951లో హాలీ రూపాయి జారీ నిలిచిపోయి, 1959లో దాని చెలామణి చట్టరీత్యా ముగిసినది. ఆనాటి నుండి అది వ్యవహారపు నాణెం కాదు, జ్ఞాపకపు నాణెం. జ్ఞాపకానికి వెల ఎక్కువ. వెల ఎక్కువైన చోట నకలు పుట్టక మానదు.

మేము వ్రాసిన మొదటి అభిప్రాయం

మా కళాశాలలో జరుగనున్న ఒక చిన్న ప్రదర్శన కోసం చార్మినార్ రూపాయి ఒకటి కావలసి వచ్చినది. ఒక ఆన్‌లైన్ అంగడిలో ‘అసలైన వెండి రూపాయి, హిజ్రీ 1325’ అన్న ప్రకటన చూచి 2,400 రూపాయలు చెల్లించి తెప్పించాము. నాలుగు రోజులలో వచ్చినది. చేతిలోకి తీసుకొనగానే బరువు తక్కువగా తోచినది. తరగతిలో చూపించగా, ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థిని ఒకతె భూతద్దంతో చూచి, “సార్, సంవత్సరం 1325 అని ఉన్నది. ద్వారంలో ‘ఐన్’ ఉన్నది. ఇది ఎట్లా కుదురుతుంది?” అని అడిగినది. గద్దె నెక్కడానికి నాలుగేళ్ల ముందే ఒక ప్రభువు తన అక్షరాన్ని నాణెంపై వేయించుకొన్నాడన్నమాట! నకలు చేసినవానికి బొమ్మ తెలుసును గాని చరిత్ర తెలియదు.

ఆ రాత్రి మేము కోపంతో ఫోను తీసి అభిప్రాయం వ్రాశాము. వీరు దొంగలనీ, ఆ ఊరివారి వద్ద ఎవరూ ఏమీ కొనరాదనీ, జైలుకు పంపిస్తామనీ వ్రాశాము. నాణెం బరువెంతో వ్రాయలేదు. అక్షరం సంగతి వ్రాయలేదు. ఒక్క ఛాయాచిత్రమైనా జత చేయలేదు. మనసు తేలికపడినది, నిద్రపోయాము. దుర్భాష ఉన్నదన్న కారణంతో ఆ అంగడివారు మా అభిప్రాయాన్ని ప్రచురింపలేదు. తిరస్కరించినట్లు వచ్చిన సందేశాన్ని కూడా మేము తెరచి చూడలేదు.

మూడు వారాలు గడచినవి. నాగర్‌కర్నూలు నుండి వచ్చి చదువుకొంటున్న మా విద్యార్థి ఒకడు అదే విక్రేత వద్ద అదే రకం నాణేన్ని కొన్నాడు. సెలవులలో దుకాణంలో పని చేసి కూడబెట్టిన డబ్బు అది. వాని అవ్వ చిన్నతనంలో మెడలో వేసుకొన్న రూపాయల పేరును ఏదో కరువులో అమ్ముకొన్నారట. అందులోని రూపాయి వంటిది ఒక్కటైనా ఆమె చేతిలో పెట్టాలని వాని కోరిక. ఆమె దానిని పుచ్చుకొని, గడప రాతిపై ఒకసారి వేసి చూచి, “బిడ్డా, ఇది మోగుత లేదు” అన్నదట. వ్రాత రాని ఆ తల్లి క్షణంలో షరాబు చేసే పని చేసినది. రెండు డిగ్రీలు గల మేము చేయలేకపోయాము. ఎందుకంటే మేము చేసిన పరీక్ష ఫలితం తరువాతి మనిషికి చేరనే లేదు.

ఆ విద్యార్థి మాతో నిష్ఠూరంగా ఏమీ అనలేదు. “కొనక ముందు రివ్యూలన్నీ చదివినాను సార్. చెడ్డగా ఒక్కటి కూడా లేదు” అన్నాడు, అంతే. ఆ మాట మమ్ములను చాలా కాలం వెంటాడినది. మా తిట్లలో న్యాయం లేకపోలేదు. కాని అవి సాక్ష్యం కాదు. సాక్ష్యం కానిది ఎవరినీ కాపాడదు.

మూడు విధాల నిరాశ

కొన్న వస్తువు నచ్చకపోవడానికి కారణాలు మూడు విధాలు. వ్రాయబోయే ముందు మన నిరాశ ఏ విధమైనదో తేల్చుకొనడం మొదటి పని.

మొదటిది, చెప్పినది ఒకటి, పంపినది మరొకటి అయినప్పుడు కలిగే నిరాశ. వెండి అని చెప్పి ఇత్తడి పంపుట, ఛాయాచిత్రంలో ఒక నాణెం చూపి వేరొకటి పంపుట, క్రొత్తగా పోసిన నకలును పాతదని చెప్పుట ఇందులోనివి. ఇది విక్రేత బాధ్యత. దీనిని నిస్సంకోచంగా వ్రాయాలి.

రెండవది, చెప్పినదే పంపినా మన ఊహకు అందకపోవడం వలన కలిగే నిరాశ. ఇది మన బాధ్యత. ఉదాహరణకు, సంస్థానాల కాలపు రూపాయి చేతితో సుత్తి వేటున ముద్రింపబడినది. అచ్చు పెద్దది, వెండి బిళ్ల చిన్నది. అందువలన అక్షరాలు సగం మాత్రమే పడతాయి. అంచు గుండ్రంగా ఉండదు. షరాబు ముద్రలు గాయాలవలె కనబడతాయి. ఇవి లోపాలు కావు, ఆ నాణెం పుట్టుక గుర్తులు. ఛాయాచిత్రంలో అరుగుదల స్పష్టంగా కనబడుతూ ఉండగా ‘అరిగిన నాణెం పంపినారు’ అని ఒక నక్షత్రం ఇవ్వడం అన్యాయం. మేమే ఒకసారి నాణెం కొలతను చదువకుండా, తెరపై పెద్దదిగా కనబడిన దానిని పెద్దదనుకొని కొని, అందిన తరువాత విక్రేతను నిందింపబోయాము. ప్రకటనలో కొలత మిల్లీమీటర్లతో సహా ఉన్నది.

మూడవది, దారిలో కలిగే నష్టం. పెట్టె నలిగినది, ఆలస్యంగా వచ్చినది, కాగితంలో చుట్టి పంపినందున నాణెంపై గీత పడినది. ఇందులో కొంత విక్రేతది, కొంత రవాణా వారిది. ప్యాకింగు సరిగా లేకపోతే ఆ మాట వ్రాయవచ్చును. కాని తపాలా ఆలస్యాన్ని నాణెం నాణ్యతకు ముడిపెట్టరాదు. రెండింటినీ వేరు వేరు వాక్యాలలో వ్రాస్తే చదివేవానికి మేలు కలుగుతుంది.

వ్రాయడానికి ముందు పరీక్ష

షరాబు మోగించి, తూచి, ఆ తరువాతనే ముద్ర వేసేవాడు. ఆ క్రమాన్ని మనమూ పాటించాలి.

పెట్టె విప్పేటప్పుడే ఫోనుతో వీడియో తీసుకొనడం మంచిది. ప్రకటన పుటను కూడా చిత్రంగా దాచుకొనాలి. తరువాత అది మారిపోవచ్చును. పిమ్మట నాణేన్ని తూచాలి. పదో వంతు గ్రాము, అంతకన్న తక్కువ కూడా చూపగల చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు చాలును. అయస్కాంతానికి అంటుకొంటే అది వెండి కాదు. అంటుకొనకపోయినంత మాత్రాన వెండి అనీ చెప్పరాదు. ఇత్తడి, రాగి కూడా అంటుకొనవు. భూతద్దంతో చూచినప్పుడు ఉపరితలంపై బుడగల వంటి సన్నని గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత కనబడితే పోతపోసిన నకలని అనుమానించవచ్చును.

అన్నిటికన్న నమ్మదగినది ఆర్కిమెడిస్ కనిపెట్టిన నీటి పరీక్ష. మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఏ విద్యార్థి అయినా చేయవచ్చును. నీళ్లున్న గిన్నెను త్రాసుపై పెట్టి సంఖ్యను సున్నా చేయాలి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గిన్నె అడుగును గాని ప్రక్కలను గాని తాకకుండా నీటిలో పూర్తిగా మునిగేటట్లు వ్రేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపే సంఖ్య నాణెం తొలగించిన నీటి బరువు. నాణెం పొడి బరువును ఆ సంఖ్యతో భాగిస్తే సాంద్రత తెలుస్తుంది. స్వచ్ఛమైన వెండి సాంద్రత 10.49. రాగి కలిసిన హాలీ రూపాయికి సుమారు 10.2 రావాలి. మా నాణెం పొడి బరువు 9.4 గ్రాములు, నీటి సంఖ్య 1.1. భాగిస్తే 8.5. ఇది ఇత్తడి సాంద్రతకు దగ్గర. కొలతలు అసలు రూపాయివే. లోహం మాత్రం వేరు. మోగకపోవడానికి కారణం అదే.

ఒక జాగ్రత్త. పరీక్ష పేరుతో నాణేన్ని గీకడం, ఆమ్లంలో ముంచడం, చింతపండుతో తోమడం చేయరాదు. అసలైనదైతే దాని విలువ పోతుంది; నకలైతే తిరిగి పంపే హక్కు చిక్కులో పడుతుంది.

అభిప్రాయం ఎట్లా వ్రాయాలి

విద్యార్థి సంగతి తెలిసిన తరువాత మేము రెండవసారి వ్రాసిన అభిప్రాయం ఇది:

“హైదరాబాదు చార్మినార్ వెండి రూపాయి, హిజ్రీ 1325, అసలైనది అన్న ప్రకటన చూచి 2,400 రూపాయలకు కొన్నాము. అందిన నాణెం బరువు 9.4 గ్రాములు, అసలు రూపాయి సుమారు 11.18 గ్రాములు ఉండాలి. నీటి పరీక్షలో సాంద్రత 8.5 వచ్చినది; ఇది వెండికి సరిపోదు. ద్వారంలో ‘ఐన్’ అక్షరం ఉన్నది. 1325 నాటి నాణెంపై ‘మీమ్’ ఉండాలి. చిత్రాలు జత చేశాము. ప్యాకింగు బాగున్నది, నాలుగు రోజులలో చేరినది. విక్రేతకు తెలియజేశాము; జవాబు కోసం చూస్తున్నాము.”

ఇందులో ‘దొంగ’ అన్న మాట లేదు. ఊరి పేరు లేదు. అయినా చదివినవాడు ఇక ఆ నాణేన్ని కొనడు. మొదటి దానికీ దీనికీ గల భేదాన్ని కొన్ని సూత్రాలుగా చెప్పవచ్చును.

చూచినది వ్రాయాలి, ఊహించినది వ్రాయరాదు. నాణెం నకలని మనకు తెలుసును. విక్రేతకు ఆ సంగతి ముందే తెలుసునో లేదో మనకు తెలియదు. అతడూ వేరొకని చేతిలో మోసపోయి ఉండవచ్చును. వస్తువును గురించి చెప్పడం సాక్ష్యం. విక్రేత మనసును గురించి చెప్పడం తీర్పు. తీర్పు చెప్పే పని మనది కాదు.

అంకెలు వ్రాయాలి. ‘చాలా తేలిక’ అనడం కన్న ‘9.4 గ్రాములు’ అనడం మేలు. మొదటిదాన్ని విక్రేత కాదనవచ్చును. రెండవదాన్ని కాదనాలంటే త్రాసు తేవాలి.

మంచిని కూడా వ్రాయాలి. ప్యాకింగు బాగుంటే బాగున్నదనాలి. అది విక్రేతపై దయ కాదు, మన మాటకు బలం. ఒక్క మంచినీ ఒప్పుకొనని సాక్షిని ఎవరూ నమ్మరు.

వ్యక్తిని, ఊరిని, కులాన్ని, మతాన్ని తాకరాదు. విక్రేత ఫోను నంబరు, చిరునామా వంటివి బయటపెట్టరాదు. మా మొదటి వ్రాతను విన్న విద్యార్థిని ఒకతె, “సార్, గద్వాల వాళ్ల దగ్గర ఏమీ కొనవద్దని ఎవరైనా వ్రాస్తే మనకెట్లా ఉంటుంది?” అన్నది. ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు లేకపోయినది.

చివరిది, వెంటనే పరీక్షించాలి, వెంటనే విక్రేతకు తెలుపాలి. అభిప్రాయం మాత్రం ఒక రాత్రి గడచిన తరువాత వ్రాయాలి. తిరిగి పంపే గడువు చాలా చోట్ల కొద్ది రోజులే. మేము కోపంలో ఆ గడువును పోగొట్టుకొన్నాము.

బదులు భయం, బేరపు ఆశ

అభిప్రాయాల పద్ధతికి కొంత చరిత్ర ఉన్నది. అమెరికాలో 1995లో పియర్ ఒమిడ్యార్ ప్రారంభించిన వేలం అంగడియే తరువాత ‘ఈబే’ అయినది. ముక్కూ మొగమూ తెలియనివారు ఒకరినొకరు ఎట్లా నమ్ముతారన్న ప్రశ్నకు జవాబుగా 1996లో అక్కడ అభిప్రాయ వేదికను ఏర్పరచినారు. కొన్నవాడు అమ్మినవానిని గురించి, అమ్మినవాడు కొన్నవానిని గురించి వ్రాసేవారు. ఫలితమేమి? తాను చెడుగా వ్రాస్తే అవతలివాడూ బదులుగా చెడు వ్రాస్తాడన్న భయంతో చాలామంది నోరు మెదపలేదు. అక్కడి తొలినాటి లావాదేవీలను పరిశీలించిన పాల్ రెజ్నిక్, రిచర్డ్ జెక్‌హౌజర్ అన్న పండితులు, కొనుగోలుదారులు వ్రాసిన అభిప్రాయాలలో ప్రతికూలమైనవి నూటికి ఒకటి కూడా లేవని చూపినారు. చివరికి 2008లో విక్రేతలు కొనుగోలుదారులపై ప్రతికూల అభిప్రాయం వ్రాసే వీలును ఆ సంస్థ తొలగించినది.

దీని వలన తెలిసేదేమంటే, అందరూ మెచ్చుకొన్నట్లు కనబడే చోట మౌనంగా ఉండిపోయినవారు కూడా ఉంటారు. ఐదు నక్షత్రాలను లెక్కించడం కన్న, రెండు మూడు నక్షత్రాలు ఇచ్చినవారు వివరంగా ఏమి వ్రాశారో చదవడం ఎక్కువ ఉపయోగకరం.

భయం పోయినా బేరం మిగిలినది. మా రెండవ అభిప్రాయం ప్రచురితమైన మూడవ రోజున విక్రేత నుండి సందేశం వచ్చినది. అభిప్రాయాన్ని తొలగిస్తే మొత్తం సొమ్ము తిరిగి ఇస్తానన్నాడు. 2,400 రూపాయలు మాకూ చిన్న మొత్తం కాదు. కాని ఆ మాటలు మా సొత్తు కావు. తరువాత కొనబోయేవాని సొత్తు. తొలగించలేమనీ, సొమ్ము తిరిగి ఇస్తే ఆ సంగతిని కూడా అదే చోట వ్రాస్తామనీ తెలియజేశాము. విద్యార్థికి తిరిగి పంపే గడువు ఇంకా ఉన్నందున వాని సొమ్ము పూర్తిగా వచ్చినది. మాది రాలేదు. అభిప్రాయం క్రింద “గడువులోపల తిరిగి పంపిన మరొక కొనుగోలుదారునికి పూర్తి సొమ్ము ఇచ్చినారు” అని చేర్చాము. అదీ సత్యమే గనుక వ్రాయవలసినదే. కొన్ని రోజులకు ఆ ప్రకటనలో ‘అసలైన’ అన్న మాట పోయి ‘నకలు’ అన్న మాట వచ్చినది. అమెరికాలో 1973 నాటి చట్టం ప్రకారం సేకరణ నాణేల నకళ్లపై అవి నకళ్లని ముద్ర వేయాలి. ఇక్కడ ఆ పనిని ఒక అభిప్రాయం కొంతవరకు చేసినది.

ఇందుకు మరొక ముఖం కూడా ఉన్నది. ‘డబ్బు వాపసు ఇవ్వకపోతే ఒక నక్షత్రం ఇస్తాను’ అని విక్రేతను బెదిరించడం బేరంలో రెండవ ప్రక్క. ముద్రను అమ్ముకొనే షరాబు షరాబు కాడు.

చట్టం ఏమి చెప్పుతున్నది

అభిప్రాయం న్యాయస్థానానికి బదులు కాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో రాగా, 2020 జులైలో అమలులోనికి వచ్చినది. ఆ నెలలోనే వెలువడిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్ సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఆ అధికారి 48 గంటలలోపల ఫిర్యాదు అందినట్లు తెలిపి, ఒక నెలలోపల పరిష్కరించాలి. విక్రేత తానే కొనుగోలుదారునివలె నటించి అభిప్రాయాలు వ్రాసుకొనరాదని కూడా ఆ నియమాలు చెప్పుతున్నవి. భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ అభిప్రాయాల కోసం ఐఎస్ 19000 అన్న ప్రమాణాన్ని ప్రకటించినది.

సంస్థ వద్ద న్యాయం జరగకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి తెలుపవచ్చును. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. విక్రేత ఏ ఊరివాడైనా సరే, మనం నివసించే చోటనే ఫిర్యాదు చేసే హక్కును 2019 చట్టం ఇచ్చినది. సమస్య పుట్టిన నాటి నుండి రెండేళ్లలోపల చేయాలి. చెల్లించిన సొమ్ము ఐదు లక్షలలోపల ఉంటే రుసుము లేదు.

వ్రాసినందుకు పరువు నష్టం కేసు వస్తుందేమోనని కొందరు జంకుతారు. ప్రజల మేలు కోసం చెప్పిన సత్యం పరువు నష్టం నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షనులోని మొదటి మినహాయింపు చెప్పుతున్నది. బరువూ కొలతా వ్రాసినవానికి ఈ రక్షణ దగ్గర. తిట్లు వ్రాసినవానికి దూరం.

పాత నాణేల విషయంలో మరి మూడు సంగతులు. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోనికి వస్తుంది. దానిని విదేశాలకు పంపరాదు. పొలంలోనో పాత గోడలోనో దొరికిన నిధిని 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలుపాలి, అమ్మరాదు. పాత నోట్లకు, నాణేలకు లక్షలు వస్తాయని రిజర్వు బ్యాంకు పేరిట రుసుములు అడిగేవారిని నమ్మవద్దని ఆ బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించినది. అసలైన నాణేలను కళ్లారా చూడదలచినవారు హైదరాబాదులోని సైఫాబాదు టంకసాలకు వెళ్లవచ్చును. 2022లో అక్కడ మ్యూజియం తెరచినారు. అసలును ఒకసారి చూచిన కన్ను నకలుకు తొందరగా లొంగదు.

రేపు విక్రేత మనవాడే

ఇంతవరకు కొనేవాని వైపు నుండి చెప్పాము. కాని గద్వాల పేరు చెబితే దేశానికి గుర్తు వచ్చేది నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే నేత. ఈనాడు మన నేతగాళ్ల పిల్లలు ఆ చీరలను ఫోనులో చూపి అమ్ముతున్నారు. చేతి మగ్గపు బట్టలో అక్కడక్కడ దారం కొంచెం మందంగా ఉండడం సహజం. అది చేతి గుర్తు. ఆ సంగతి తెలియని దూరపు కొనుగోలుదారు ‘లోపం ఉన్న చీర పంపినారు, మోసగాళ్లు’ అని ఒక నక్షత్రం ఇస్తే, ఒక కుటుంబం కొన్ని వారాలు చేసిన శ్రమ నేలపాలవుతుంది. గద్వాల పేరిట మరమగ్గపు చీరను అంటగట్టినవానికి అదే ఒక నక్షత్రం న్యాయమైన శిక్ష. రెండింటికీ భేదం చెప్పగలిగేది వివరంగా, నిదానంగా వ్రాసిన అభిప్రాయం ఒక్కటే. మనం ఇతరులకు ఎటువంటి సాక్ష్యం వ్రాస్తామో, రేపు మన ఇంటి విక్రేతకు అటువంటి సాక్ష్యమే కోరుకొంటాము.

మేము కొన్న ఆ ఇత్తడి రూపాయిని పారవేయలేదు. మా ప్రదర్శనలో, ఒక మిత్రుడు ఎరువిచ్చిన అసలైన రూపాయి ప్రక్కన ‘నకలు’ అన్న చీటీతో ఉంచాము. చూడ వచ్చినవారు రెండింటినీ చేత పట్టి తూచి చూచినారు. నాగర్‌కర్నూలు విద్యార్థి తిరిగి వచ్చిన సొమ్ముకు మరి కొంత చేర్చి, బరువు, అక్షరం, సంవత్సరం అన్నీ ముందుగా వ్రాసి అడిగి తెలుసుకొని, మరొక విక్రేత వద్ద ఒక రూపాయి కొన్నాడు. అవ్వ దానిని గడప రాతిపై వేసి చూచినదట. మోగినదట. వాడు ఆ రాత్రే కూర్చుండి ఆ విక్రేతకు అభిప్రాయం వ్రాశాడు. బరువు వ్రాశాడు, సాంద్రత వ్రాశాడు, చివర ఒక వాక్యం చేర్చాడు: “మా అవ్వ కూడా పరీక్షించినది.”

నిరాశ చెందినప్పుడు వ్రాయడం మనకు అలవాటు. తృప్తి చెందినప్పుడు వ్రాయడం అలవాటు చేసుకొనవలసి ఉన్నది. షరాబు తన ముద్ర వేసినది మంచి నాణెంపైననే కదా.